మణికట్టు మీది గాలి

ఇంతకంటే మెల్లగా ఊపిరి పీల్చడమంటే ఇక మానేయడమే, అనుకుంది ప్రశాంతి క్లబ్బు కొలను అడుగున మోకాళ్ళ మీద కూర్చుని. ఎడమ మణికట్టు మీద గడియారం కంటే కాస్త పెద్దదిగా డైవ్ కంప్యూటర్, దాని మీద పచ్చటి అంకె, ఎనభై ఆరు. వీపున మోస్తున్న సిలిండర్లో ఇంకా ఎంత గాలి మిగిలిందో చెప్పే అంకె అది. సిలిండర్ మూతి దగ్గర బొటనవేలంత ట్రాన్స్‌మిటర్ బిగించి ఉంటుంది, అది లోపలి ఒత్తిడిని కొలిచి వైరు లేకుండానే చేతికి పంపిస్తుంది, చేతిలోదేమో ఆ అంకె చూపించి ఊరుకోకుండా, ఈ లెక్కన పీలిస్తే ఇంకెంతసేపు నీళ్ళలో ఉండనిస్తుందో కూడా చెబుతుంది. గొప్ప వస్తువే, కాదనడం లేదు. మనిషి ఊపిరి మీద మనిషికే చాడీలు చెప్పే వస్తువు. పీల్చింది, మెల్లగా, పక్కటెముకలు ఒక్కొక్కటే విచ్చుకునేదాకా. వదిలింది, ఇంకా మెల్లగా. బుడగలు చెవి పక్కనుంచి గలగలమంటూ పైకి పోయాయి. మళ్ళీ, మళ్ళీ, మళ్ళీ. ఎనభై మూడు. ఏంది గిది, తీసిందే నాలుగు ఊపిర్లు, మూడెట్ల తగ్గినయ్ అనుకుంది. ఎదురుగా ఉమాశ్రీ, డైవింగ్ నేర్పే ఆవిడ, చేతులు కట్టుకుని నేలకు జానెడు పైన తేలుతూ, ముందుకు వంగి ఆ అంకె చూసి, మాస్కు వెనక కనుబొమలు ముడిచింది. ఆ ముడి చూస్తే చాలు, ప్రశాంతికి ఒళ్ళు మండుతోంది. చుట్టూ ఇన్ని నీళ్ళున్నా మండుతోంది.

ఈ గంట పరీక్ష. వచ్చే వారం అండమాన్ ప్రయాణం. ఇందాక గట్టు మీద ఉమాశ్రీ మొహమాటం లేకుండా చెప్పేసింది. "చూడండి ప్రశాంతిగారూ, అక్కడ సముద్రంలో కరెంట్, అంటే నీటి లాగుడు, ఉంటుంది. మీ గాలి అందరికంటే ముందు అయిపోతే గ్రూప్ మొత్తాన్నీ పైకి తేవాలి. ఈ గంటలో మీ వాడకం తగ్గితే తీసుకెళ్తాను. లేకపోతే నా వల్ల కాదండీ." అదేమీ తప్పు మాట కాదు. తప్పు మాట ఆ వెంటనే వచ్చింది, మొగుడు ఉదయ్ భాస్కర్ నోట. "పర్లేదండి, తను బోట్‌లో కూర్చుంటుంది. తన ప్లేస్ మా జశ్వంత్‌కి ఇచ్చేద్దాం, వాడు అడుగుతూనే ఉన్నాడు." జశ్వంత్ అంటే ఆఫీసులో ఉదయ్ టీములో అతను. అంటే ఇంటి నుంచి బయల్దేరక ముందే ఆఫీసులో పంపకాలు అయిపోయాయన్నమాట. ఎవరి ప్లేస్ ఎవరికి ఇస్తున్నవ్, అన్న మాట గొంతు దాకా వచ్చింది గాని అప్పటికే నోట్లో సిలిండర్ గాలి అందించే రెగ్యులేటర్ ఉంది. రెగ్యులేటర్ కరిచిపట్టుకున్న మనిషి సైగలు చేయగలదు, జవాబు చెప్పలేదు. ఏ మాట ఎప్పుడు అనాలో ఉదయ్‌కి ఎవరూ నేర్పనక్కర్లేదు. డెబ్బై తొమ్మిది.

నేను నీళ్ళకు భయపడేదాన్నా, నేనా. ఈ క్లబ్బు నుంచి కూతవేటు దూరంలో పుప్పాలగూడ, ఆమె పుట్టిన ఊరు. ఇప్పుడు అటు చూస్తే ఆకాశం కనపడాలన్నా అపార్ట్‌మెంట్ల మధ్య సందు వెతుక్కోవాలి. అక్కడ ఒక బావి ఉండేది, మోటబావి, లోపలికి రాతిమెట్లు. ఎక్కడుండేదో ఇప్పుడు తనకే ఆనవాలు దొరకదు, గుర్తుగా పెట్టుకున్న గుట్టను కూడా పేల్చి కంకర చేసేశారు. నాన్న సాయిలు వీపుకి ఖాళీ నూనె డబ్బా కట్టి నీళ్ళలోకి తోసేవాడు. నానమ్మ పోచమ్మ ఒడ్డున కాళ్ళు చాపుకుని కూర్చుని, "దుంకు బిడ్డా, నీళ్ళు నిన్ను కొరుకుతయా ఏంది" అనేది. రెండు రోజులకే డబ్బా విప్పి పారేసింది ప్రశాంతి. మెట్టు మీదనుంచి దూకి, కళ్ళు తెరిచి, అడుగున చేతికి చల్లటి బురద తగిలేదాకా పోయి, పిడికిట్లో బురదతో పైకి వచ్చి చూపించేది. అప్పుడు ఎవరైనా లెక్క పెట్టారా. జీడిమెట్లలో మేనత్త యాదమ్మ ఇంటికి పోతే, కంపెనీల దగ్గర వాసనకి ముక్కు పగిలిపోయేది, తనూ తమ్ముడు నరేందరూ గేటు నుంచి గల్లీ మలుపు దాకా ఊపిరి బిగబట్టి పరుగెత్తేవాళ్ళు, ఎప్పుడూ వాడే ముందు నోరు తెరిచేవాడు. ఊపిరితో ఆడుకున్న పిల్ల ఊపిరి పీల్చడం రాదని పరీక్షకు కూర్చుంది. నవ్వొచ్చింది, నవ్వితే మాస్కులోకి నీళ్ళొస్తాయని ఆపుకుంది, ఆపుకున్నందుకు మళ్ళీ కోపమొచ్చింది.

కోపమొస్తే గాలి ఎక్కువ పోతుందట. ఉదయ్ చెప్పాడు. అన్నీ అతనే చెబుతాడు. కాకినాడ మనిషి, సముద్రం వాళ్ళ మేనమామ రాసిచ్చిన ఆస్తి అయినట్టు "మా సముద్రం" అంటాడు, ఈత మాత్రం పెళ్ళయ్యాక హఫీజ్‌పేటలో తామున్న అపార్ట్‌మెంటు కొలనులో నేర్చుకున్నాడు, నేర్పింది ప్రశాంతి. ఆ సంగతి ఎక్కడా చెప్పడు, ఆమె కూడా చెప్పలేదు, పోనీలే అనుకుంది. పోనీలే అనుకున్నవన్నీ కుప్ప పోస్తే ఈ కొలను నిండుతుంది. ఇద్దరిదీ ఒకే ఆఫీసు. అతను ప్రోగ్రాములు రాస్తాడు, వాటిలో తప్పులు వెతకడం ఆమె ఉద్యోగం. పెళ్ళయ్యాక ఆ ఉద్యోగాన్ని ఆఫీసు గేటు దగ్గరే వదిలి రావాలని ఇంట్లో ఒక ఒప్పందం ఉంది, దాని మీద ఆమె సంతకం అయితే లేదు. అత్తగారు సుబ్బలక్ష్మి ఫోన్‌లో కొడుకు చెప్పిందంతా విని, "ఊపిరి దగ్గర కూడా దుబారా ఏమిటమ్మాయ్, వాడు చూడు ఎంత పొదుపుగా పీలుస్తాడో" అంది. ఆవిడ చెడ్డది కాదు. కొడుకు చేతిమీద అంకె ఎక్కువుందని మురిసిపోయింది, అంతే. ఆ రోజు ప్రశాంతి కూడా నమ్మింది. అదే ఇప్పుడు సహించలేకుండా ఉంది, తను కూడా నమ్మడం. ఆఫీసులో ఎవరేం చెప్పినా చూపించు అనే మనిషి, తన సొంత ఊపిరితిత్తుల గురించి చేతి మీది అంకె ఏం చెబితే అది నమ్మేసింది.

నేత్రాణి. కర్ణాటక తీరంలో ఆ మధ్య పోయొచ్చిన చిన్న దీవి, నీలం నీళ్ళు, కింద రాళ్ళ మధ్య చిలకరంగు చేపలు, తాబేలు ఒకటి. సముద్రంలోకి ఇద్దరూ జంటగా దిగడం అదే మొదలు. ఉదయ్ కెమెరా పట్టుకుని తాబేలు వెనకాల పోయాడు, ఆమె వెనకబడింది, చేతి మీద చూస్తే అంకె లేదు, అంకె ఉండాల్సిన చోట గీతలు. కాళ్ళు కొట్టుకుంటూ పోయి అతని భుజం పట్టుకుంది, అంకె తిరిగొచ్చింది. అతను దూరం పోయినప్పుడల్లా గీతలు, దగ్గరకు పోతే అంకె. ఆయన పక్కనుంటే నాకు గాలి ఉంటది, పక్కన లేకుంటే లేదు, అని అప్పుడు నిజంగానే అనుకుంది, అనుకుని ఎక్కడో లోపల సంతోషపడింది కూడా, పిచ్చిది. తర్వాత అంకె జారడం మొదలుపెట్టింది. అరవై, యాభై ఐదు, యాభై. యాభైకి పైకి రావాలి, అది నియమం. బొటనవేలు పైకెత్తి చూపించింది, పైకి పోదామని. ఉదయ్ తన చేయి చూసుకుని, నాకు బోలెడుంది అన్నట్టు తల అడ్డంగా ఊపి, మళ్ళీ కెమెరా ఎత్తాడు. ఆమె వదల్లేదు. జబ్బ పట్టుకుని లాగింది. ఒకరు చాలంటే ఇద్దరూ లేవాలి, నీళ్ళలో జంటకు అది మొదటి పాఠం, విసుక్కుంటూ వచ్చాడు. ఆ విసుగు సోమవారం క్యాంటీన్‌లో కథ అయింది. "మా ఆవిడ గాలి పీల్చదు, లాగేస్తుంది" అన్నాడు. వాక్యూమ్ మేడమ్ అని పేరు కూడా పెట్టాడు. మూడు ఫ్లోర్ల వాళ్ళు నవ్వారు, ఆమె కూడా ప్లేటు పట్టుకుని నవ్వింది.

ఉదయ్ ఇప్పుడూ చుట్టూ తిరుగుతున్నాడు. కొత్త లైటు, కొత్త కెమెరా, గ్రూపులో పెట్టడానికి వీడియో. ఒకసారి కుడినుంచి, ఒకసారి ఎడమనుంచి, ఆమె తల మీదుగా, గోడకు బిగించిన అద్దం అవతల కాఫీ తాగుతున్నవాళ్ళు కూడా కలిసొచ్చేలా, మళ్ళీ మొదటినుంచి. మనిషి రొప్పుతున్నాడు, నోటి దగ్గర బుడగలు గుంపులు గుంపులుగా లేస్తున్నాయి. ఒక చుట్టు తిరిగొచ్చి ఆగి, తన మణికట్టు ఆమె మొహం ముందు పెట్టాడు. నూట ఒకటి. చూశావా, అన్నట్టు కళ్ళు ఎగరేశాడు. ఇద్దరూ ఒక్కలాంటి సిలిండర్లతోనే దిగారు, నూట ఇరవై చొప్పున. ఆమెకి డెబ్బై రెండు. కదలకుండా కూర్చున్నదానికి డెబ్బై రెండు, ఊరేగింపులో గుర్రంలా తిరుగుతున్నవాడికి నూట ఒకటి. ప్రశాంతి ఆ రెండు అంకెలనూ పక్కపక్కన చూసింది. ఆఫీసులో ఇట్లాంటివి ఎవరైనా పంపిస్తే, ముందు నీ కొలత కరెక్టేనా చూసుకో అని వెనక్కి కొట్టేది.

కెమెరా లైటు ఏదో మొరాయించింది. ఉదయ్ ఆమె పక్కనే నేలమీద కూలబడి, కదలకుండా దాని మరలు తిప్పుతున్నాడు. ప్రశాంతి తన అంకెను చూస్తోంది. తను అదే ఊపిరి తీస్తోంది, అంతే మెల్లగా, అంతే లోతుగా. అంకె మాత్రం ఇందాకటిలా దూకడం లేదు. డెబ్బై ఒకటి దగ్గరే కూర్చుంది, చాలాసేపు. లైటు వెలిగింది, ఉదయ్ లేచి మళ్ళీ ఈదాడు, అంకె మళ్ళీ దూకింది. ఒక్కసారైతే ఏదో అనుకోవచ్చు. అతను కొలను అవతలి చివరకు పోయాడు, అంకె పోయి గీతలొచ్చాయి. తిరిగొచ్చాడు, అరవై ఐదు. ఆమె వీపున ఉన్న సిలిండర్ ఎక్కడికీ పోలేదు, వీపు మీదే ఉంది, చేతికి మూరెడు దూరంలో. మరి ఎవరిది దూరం పోయింది. ఎవరిది దగ్గరకొచ్చింది.

భోజనాల బల్ల. పెళ్ళిరోజుకి ఈ రెండు డైవ్ కంప్యూటర్లూ జంటగా కొన్నారు, ఒకే మోడల్, ఒకే నలుపు, ట్రాన్స్‌మిటర్లు కూడా కవలలే. ట్రాన్స్‌మిటర్ల మీద చిన్న అంకెలుంటాయి, ఏ కంప్యూటర్లో ఏ అంకెలు ఎక్కిస్తే అది ఆ ట్రాన్స్‌మిటర్ మాటే వింటుంది. ఉదయ్ పెరుగన్నం తింటూ ఎడమ చేత్తో రెండూ సెట్ చేసేశాడు. ఒకసారి సరిచూద్దాం ఇటియ్యి, అని తను చెయ్యి చాపితే, "ఇంట్లో కూడా టెస్టింగేనా తల్లీ" అని నవ్వి, ఒకదానికి ఎర్ర చుక్క, ఒకదానికి నీలం చుక్క అంటించాడు. గాలి ఒత్తిడి చూపించే సూదిముల్లు మీటర్లు బరువని సిలిండర్లకు పీకేయించింది కూడా అతనే. ఇక దేనితోనూ పోల్చి చూసుకునే వీలు లేదు. అంటే ఇన్నాళ్ళూ ఎర్ర చుక్క నీలం చుక్కకు కాపలా కాసింది, నా చేయి ఆయన సిలిండర్ మాట, ఆయన చేయి నా సిలిండర్ మాట విన్నాయి. అంటే ఇందాక నా మొహం ముందు ఊపి గర్వపడ్డది నా ఊపిరి. సుబ్బలక్ష్మిగారు మురిసిపోయింది నా ఊపిరి చూసి. వాక్యూమ్ మేడమ్ అని నవ్వింది, అని అనుకుంటూ ఉండగానే ఆలోచన దానంతటదే నేత్రాణి మీదికి పోయి అక్కడ ఆగిపోయింది.

యాభై. ఆ యాభై అతనిది. తలకాయ అడ్డంగా ఊపి, నాకు బోలెడుంది అని చూసుకున్నది నా గాలి. నేను జబ్బ పట్టి లాగకపోతే ఇంకో రెండు ఫొటోలు, ఇంకో రాయి చుట్టూ ఇంకో చుట్టు, ఆ తర్వాత పీలిస్తే రాదు. చేతి మీద మాత్రం నిండుగా కనపడుతుంది, నోట్లోకి ఏమీ రాదు. ప్రశాంతికి ఒక్కసారి భయమేసింది, ఎన్నడూ లేనంత భయం, ఉదయ్ కోసం. ఎదురుగా లైటు పట్టుకుని తిరుగుతున్న ఆ మనిషిని పోయి పట్టుకోవాలనిపించింది. పట్టుకుంటే, చూశావా భయపడిపోయింది అంటాడు. భయం పోయి ఆ స్థానంలో పౌరుషం వచ్చి కూర్చుంది. పట్టుకోను. చూపిస్తా. ఆఫీసులో తను ఏ తప్పు పట్టుకుపోయినా ఉదయ్ అనే మాట ఒకటే, నా మెషీన్‌లో బానే ఉంది, నా కళ్ళ ముందు మళ్ళీ రప్పించు అప్పుడు ఒప్పుకుంటా అని. అక్కడ పద్ధతే అది, రాసినవాడి కళ్ళ ముందు మళ్ళీ జరగని తప్పు తప్పు కాదు. సరే మరి, రా.

అతను దగ్గరకొచ్చేదాకా ఆగింది. నీళ్ళలో తేలడానికి వేసుకున్న గాలి జాకెట్టు పక్కన వేలాడే రెండో రెగ్యులేటర్, పసుపుపచ్చది, పక్కవాడికి గాలి అయిపోతే ఇవ్వడానికి ఉండేది, దాన్ని చేతిలోకి తీసుకుని మధ్యలో ఉన్న మెత్తటి బొత్తాం అదిమిపట్టింది. గాలి బుస్సుమని తన్నుకొచ్చింది. కొలనంతా తెల్లబడింది. బుడగలు కుండలంతేసి లేచి నీటి కప్పును బద్దలు కొట్టాయి, అద్దం అవతల కాఫీ కప్పులు సగంలో ఆగాయి. ఉమాశ్రీ కంగారుగా చెయ్యి చాపింది, ప్రశాంతి అరచేయి ఎత్తి ఆగమంది. వదల్లేదు. ఇన్నాళ్ళు దాచి, చప్పరించి, దొంగసొత్తులా పీల్చిన గాలి, పోనీ, అంతా పోనీ, నాది, నా ఇష్టం. చెప్పలేనంత హాయిగా ఉంది. తన మణికట్టు మీద అరవై ఒకటి, చెక్కుచెదరలేదు. ఉదయ్ మణికట్టు మోగింది. నీళ్ళలో ఆ కీచు అందరికీ వినపడుతుంది. అతను చేయి చూసుకున్నాడు, మాస్కు వెనక కళ్ళు పెద్దవయ్యాయి, పిడికిలి గుండెకేసి కొట్టుకున్నాడు, గాలి తక్కువుందని సైగ, ఆమె ఏనాడూ చేయని సైగ. ప్రశాంతి బొత్తాం వదిలి, అతని మణికట్టు పట్టుకుని తన మణికట్టు పక్కన పెట్టి, ఉమాశ్రీని పిలిచి, మళ్ళీ నొక్కింది. అతని అంకె పడింది. వదిలింది, ఆగింది. నొక్కింది, పడింది. ఉమాశ్రీ రెండు చేతులనూ చూసి, ఇద్దరి సిలిండర్లనూ చూసి, చివరికి ఉదయ్ మొహం చూసింది. తర్వాత బొటనవేలు పైకెత్తింది.

పైకి రాగానే ముందు నోరు తెరిచింది ఉదయ్. మాస్కు నుదుటి మీదికి తోసుకుని, "ట్రాన్స్‌మిటర్లు తారుమారైనట్టున్నాయి. చిన్న సెట్టింగే. ఇలా ఇవ్వు, రెండు నిమిషాల్లో సరిచేసేస్తా" అని ఆమె చేయి అందుకోబోయాడు. ప్రశాంతి చేయి వెనక్కి తీసుకుంది.

"ముట్టకు. నాది నేను చేస్కుంట."

"నేత్రాణిలో కూడా ఇవేనా కట్టుకున్నది?" అంది ఉమాశ్రీ. ఆవిడ గొంతు మామూలుగా లేదు.

"ఇవే మేడమ్. ఆ రోజు నా చేతి మీద యాభై పడ్డది ఈయన గాలి. ఈయన చూస్కున్నది నాది."

లెక్క ఉదయ్‌కి కూడా వచ్చు, వేయడానికి కాస్త టైము పట్టిందంతే. "అంటే నువ్వు లాగకపోయుంటే..." అన్నాడు.

"లాగిన గద." ఆమెకు కళ్ళలో నీళ్ళొచ్చాయి, కొలను నీళ్ళతో కలిసిపోయాయి గాబట్టి తుడుచుకోలేదు.

ఉదయ్ గొంతు తగ్గించి, "సరే, ఏమీ కాలేదు కదా. ఇదంతా ఆఫీసులో, గ్రూపులో ఎందుకులే ప్రశాంతీ" అన్నాడు.

"క్యాంటీన్ల పేరు పెట్టి చెప్పినవ్ గద, క్యాంటీన్లనే చెప్పు. నేను చెప్ప, నువ్వే చెప్తవ్. అందరు తినేటప్పుడు చెప్పు."

ఉమాశ్రీ గట్టెక్కి, ఒక పాత సూదిముల్లు మీటరు బిగించిన నిండు సిలిండర్ తెచ్చి ప్రశాంతి వీపుకి తగిలించింది. "మీరు వస్తున్నారు, అందులో ఇక ఆలోచించేదేం లేదు. ఇప్పుడు ఇంకోసారి దిగి ఊరికే కూర్చోండి, మీ అసలు లెక్క ఎంతో నాకూ చూడాలనుంది."

"మరి నేనండీ?" అన్నాడు ఉదయ్.

"మీరు ఎంత పీలుస్తారో ఇంతవరకు ఎవరమూ చూడలేదు కదండీ. చూశాక చెప్తాను. ఈలోగా గట్టు మీద కూర్చోండి."

దిగేటప్పుడు, రెడీనా అని చెయ్యి చూపించేది ఎప్పుడూ ఉదయే, ఆమె తల ఊపడం, అతను ముందు మునగడం, అదీ వరస. ప్రశాంతి రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని ఒక ఊపిరి లాగింది, పెద్దది, చప్పుడయ్యేలా. సూదిముల్లు కొద్దిగా వణికింది, ఆమె దానివంక చూసి ఊరుకుంది. గట్టు మీదనుంచి ఉదయ్ "ప్రశాంతీ, ఒక్క నిమిషం, ఒక్క మాట విను" అంటున్నాడు. నీళ్ళు ఇంకా చెవుల దాకా రాలేదు, వినాలనుకుంటే వినపడేదే. జాకెట్టులో గాలి వదిలేసి దిగిపోయింది.